సగంలో ఆగిన సవరణ

ఆ ఏడు వానలు మొదలవక ముందే ఒక పెద్ద కంపెనీ మా ఊరి కేబుల్ మొత్తాన్ని కొనేసింది. తీగలతో పాటు మా మేడమీద గది కూడా పోతుందేమోనని మేం బిక్కుబిక్కుమంటూ ఉంటే, వాళ్లు వచ్చి గుమ్మానికి నీలం బోర్డు తగిలించి, "కంగారుపడకండి, ఇకనుంచి ఇది మా ఆఫీసు" అన్నారు. ఆ మాటకి సంతోషించాలో ఏడవాలో తెలియక అత్తయ్య బోర్డు తగిలించినతనికి మంచినీళ్లిచ్చి పంపారు.

మా ఊరి వార్తలన్నీ ఆ గదిలోనే పుట్టేవి. కేబుల్ కొత్తగా వచ్చిన రోజుల్లో మామయ్య డాబాల మీదుగా తీగ లాగి ఇంటింటికీ కనెక్షన్ ఇచ్చారట. ఆయన పోయాక తీగల పని ఇంకెవరి చేతుల్లోకో వెళ్లిపోయినా, సాయంత్రం వార్తలు మాత్రం మా ఇంటిని విడిచిపెట్టలేదు. అత్తయ్య చదివేవారు, మా ఆయన కెమెరా పట్టేవారు. వార్తలు రాయడం, తెర అడుగున పరిగెత్తే అక్షరాలు కొట్టడం నా వంతు. ఫ్యాను తిరిగితే మైకులో హోరు పడుతుందని చదివినంతసేపూ ఆపేసేవాళ్లం. అత్తయ్య మొహానికి అద్దుకున్న పౌడరు చెమటకి చారలు కట్టేది. పక్కింటి కుక్కరు విజిల్ వేస్తే అది కూడా వార్తల్లో వినిపించేది. "మీ పక్కింటావిడ నిన్న వంట ఆలస్యంగా మొదలెట్టినట్టుందే!" అని మర్నాడు కూరల బజారులో నన్ను ఆటపట్టించేవారు.

ఊళ్లో అత్తయ్యని అందరూ వార్తలమ్మ అనేవారు. ఆవిడకి ఒక పట్టుదల ఉండేది. ఇవాళ తప్పు చదివితే, రేపు అన్నిటికంటే ముందు ఆ తప్పునే చదవాలి. ఒకసారి గడియారాల షాపు తాతగారు పోయారని చదివేశారు. నిజానికి పోయింది ఆయన తమ్ముడు. మర్నాడు ఆ పెద్దాయన్ని బతిమాలి తీసుకొచ్చి, పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, "నిన్న మేము చనిపోయారని చెప్పిన పెద్దాయన వీరే. తప్పు మాది" అని చదివారు. ఆయన కెమెరా వంక గుర్రుగా చూసి, "నేను ఉన్నాను. షాపూ ఉంది. రిపేరుకిచ్చినవాళ్లు వచ్చి మీ గడియారాలు పట్టుకుపొండి" అన్నారు. ఊరు చాలాకాలం చెప్పుకుని నవ్వుకుంది. కానీ ఆ తర్వాత ఎవరి గురించైనా వార్తలమ్మ చెప్పిందంటే, ఇక దానికి తిరుగు లేదనేవారు.

కంపెనీ వచ్చాక పద్ధతులన్నీ మారిపోయాయి. మా ఆయన్ని నెల జీతానికి తీసుకున్నారు. ఆయన తీసిన బొమ్మలు ఇక్కడినుంచి సిటీకి వెళ్లాలి. అక్కడ ఒకే అమ్మాయి, ఒకే కుర్చీలో కూర్చుని, చుట్టుపక్కల ఊళ్లన్నిటి వార్తలూ చదువుతుంది. అత్తయ్యకి సాయంత్రం పూట అయిదు నిమిషాలు వదిలారు, అది కూడా ఈ వానలు అయ్యేవరకే. ఆ అయిదు నిమిషాల్లో ఏం చదవబోతున్నారో మధ్యాహ్నానికల్లా రాసి పంపాలి, సిటీవాళ్లు సరే అనాలి.

సిటీ అమ్మాయి గొంతు బాగుండేది. కానీ ఆమెకి మా ఊరు తెలియదు కదా! కుమ్మరివీధిలో మంటలు లేచాయన్న వార్తని కమ్మరివీధి అని చదివింది. కమ్మరివీధి చుట్టాలంతా గుండెలు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. కుమ్మరివీధి చుట్టాలు నిశ్చింతగా ఇళ్లలో కూర్చున్నారు. "పాపం ఆ పిల్లనేమనగలం? ఒక్క నోటితో ఇన్ని ఊళ్లు మోస్తోంది" అన్నారు అత్తయ్య. కంపెనీ మేనేజరుకి ఫోన్ చేసి సవరణ వెయ్యమన్నారు. "చూద్దాం మేడమ్" అన్నాడతను. ఆ చూడటం ఏమైందో ఎవరికీ తెలియదు.

వానలు ముదిరాక, ఒక ఉదయం కాలువగట్టు మీద స్కూలు వ్యాను పక్కకి ఒరిగిపోయింది.

ఆ వ్యాను నడిపేది మా వెనకవీధి మనిషే. పిల్లలు బయటికి రావడం ఆలస్యమైతే పాట వాయించినట్టు హారన్ కొట్టేవాడు. అందుకని పిల్లలందరికీ అతను హారన్ మావయ్య. మా ఆయన కెమెరాతో అక్కడికి చేరేసరికి అతను పిల్లలందరినీ బయటికి లాగి గట్టు మీద కూర్చోబెట్టేశాడు. పిల్లల్లో ఎవరికీ గీతలు తప్ప ఏమీ కాలేదు. అతని తల మాత్రం స్టీరింగుకి గట్టిగా కొట్టుకుంది. ఎవరో పాప తన సంచీ లోపలే ఉందని ఏడుస్తుంటే, అది తెస్తానని మళ్లీ వ్యాను వైపు బయల్దేరి తూలాడు. నిలదొక్కుకుని మళ్లీ తూలాడు. బురదలో కూలబడ్డాడు. మా ఆయన అదంతా తీసి, తీసింది తీసినట్టు సిటీకి పంపారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర టీవీ పెట్టాం. పిల్లలు లేరు, కాలువ లేదు. తూలుతున్న మనిషి ఒక్కడే ఉన్నాడు. అతని చుట్టూ ఎర్రటి సున్నా చుట్టి, కూలబడటం మళ్లీ మళ్లీ చూపిస్తున్నారు. "మత్తులో డ్రైవర్! పసిప్రాణాలతో చెలగాటం!" అని సిటీ అమ్మాయి చదువుతోంది.

అత్తయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "తాగాడా?" అన్నారు.

"నేను రెక్క పట్టుకుని లేపాను కదమ్మా, వాసనైనా లేదు. తలకి దెబ్బ తగిలింది," అన్నారు మా ఆయన.

"నువ్వేం రాసి పంపావు?"

"వ్యాను ఒరిగింది, పిల్లలు క్షేమం అని. అంతే. బొమ్మ నాది గానీ ఆ మాట వాళ్లది."

"బొమ్మ కడుపునే కదరా ఆ మాట పుట్టింది!" అని ఆవిడ చెయ్యి కడుక్కుని లేచారు. గొడుగు తీసుకుంటే వెనకాలే నేనూ బయల్దేరాను.

ముందు ఆసుపత్రికి వెళ్లాం. అతనికి కుట్లు వేసిన డాక్టరమ్మ చెయ్యి తుడుచుకుంటూ వరండాలోకి వచ్చింది. "రక్తం పరీక్ష కూడా చేశామండీ. మందు చుక్క లేదు. తల అదిరిపోయింది, అందుకే తూలాడు. ఎవరడిగినా ఇదే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు" అంది. అక్కణ్ణించి కాలువగట్టుకి వెళ్లాం. వానకి రోడ్డు అంచు కోసుకుపోయి, చక్రం మొత్తం దిగిపోయేంత గొయ్యి పడింది. అత్తయ్య ఆ జల్లులో నిలబడి గొయ్యినీ, టైరు జారిన చారనీ చాలాసేపు చూశారు. నన్ను కూడా దగ్గరికి పిలిచి చూడమన్నారు.

సాయంత్రానికల్లా ఆ తూలుడు ఊళ్లో అందరి ఫోన్లలోకీ పాకింది. గోరంత నిజం కూడా అక్కర్లేకుండానే కొండంత అయింది. స్కూలువాళ్లు అతన్ని ఇక రావద్దన్నారు. వ్యానుని లాక్కొచ్చి ఇంటిముందు నిలబెడితే ఎవరో దాని అద్దం మీద రాయి వేశారు.

కుట్లు వేయించుకుని అతను ఇంటికి చేరాడని విని మేం వెళ్లేసరికి వాళ్ల తలుపు మూసి ఉంది. అత్తయ్య రెండుసార్లు తట్టాక కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది. హారన్ మావయ్య భార్య మొహం సగమే కనిపించింది.

"ఎలా ఉన్నాడమ్మా?" అన్నారు అత్తయ్య.

"పడుకున్నాడు. ఇంకా ఏమైనా తియ్యాలా?"

"లేదు తల్లీ. మాటాడదామని వచ్చాను. ఆ వార్త నేను చదివింది కాదు, సిటీలో చదివారు."

ఆమె కోపం కూడా లేని గొంతుతో, "సిటీలో ఎవరున్నారో మాకేం తెలుసమ్మా? మాకు టీవీ అంటే మీరే" అంది. కిటికీ రెక్క వేసేసింది.

దారిలో గొడుగు పక్కకి వాలిపోయి భుజం తడిసిపోతున్నా అత్తయ్య చూసుకోలేదు. ఇంటికొచ్చి, తడిచీరతోనే మేడెక్కి, నీలం బోర్డు పక్కన కాసేపు నిలబడ్డారు. కిందికి దిగాక, "మేనేజర్ని రేపు రమ్మను" అన్నారు మా ఆయనతో.

మేనేజరు మర్యాదస్తుడు. రెండు ఫోన్లు బల్లమీద బోర్లించి, అత్తయ్య చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"మీ బాధ అర్థమైంది మేడమ్. కానీ సవరణ అన్నది మా దగ్గర లేదు. ఇవాళ ఒక తప్పు ఒప్పుకుంటే, రేపు మేం ఏం చెప్పినా జనం నమ్మరు."

"ఒప్పుకోకపోతే నమ్ముతారా బాబూ?"

"మర్చిపోతారు మేడమ్. రెండ్రోజులు. ఇంకో వార్త వస్తుంది, ఇది పోతుంది."

"ఊరు మర్చిపోతుంది సరే, అతనెలా మర్చిపోతాడు?"

అతను ఫోన్ల వంక చూసుకున్నాడు. "మీ అయిదు నిమిషాల్లో దీని ఊసు వద్దు మేడమ్. మీకు చెప్పేంతవాణ్ణి కాను" అని దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

అతను మెట్లు దిగాడో లేదో తల్లీకొడుకులు మొదలుపెట్టారు. మా ఆయన్ని తప్పుపట్టలేను. పెళ్లయ్యాక మొదటిసారి నెలనెలా జీతమన్నది మా గుమ్మం తొక్కింది. వానలయ్యాక ఆయన్ని పెద్ద కెమెరా మీదికి మారుస్తామని కూడా అన్నారు.

"అమ్మా, జరిగిందేదో జరిగిపోయింది. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం. పెద్దవాళ్లు ఊరికే అన్నారా?"

"తీసుకోవచ్చురా. జారిన నోటితోనే తీసుకోవాలి, అంతే."

"ఉన్న అయిదు నిమిషాలూ ఊడతాయి. నా ఉద్యోగం కూడా ఊడుతుంది."

"నీ ఉద్యోగం సంగతి నువ్వు చూసుకో నాన్నా. నిన్ను చెయ్యమని నేను అడగను. కెమెరా పెట్టి పక్కకి వెళ్లిపో, ఏమీ తెలియదని చెప్పు. నేను తప్పుపట్టను." తర్వాత నావైపు తిరిగి, "అమ్మాయ్, నాలుగు మాటల్లో రాసివ్వు. ముందు తప్పు మనదని రావాలి. తర్వాత నిజం. ఎవర్నీ తిట్టొద్దు" అన్నారు.

మా ఆయన నావంక చూశారు. వద్దంటానేమోనని చూశారో, ఏమంటానోనని చూశారో తెలియదు. నేను కాగితం తీసుకుని రాయడానికి కూర్చున్నాను.

ఆ సాయంత్రం కుండపోతగా వాన. సిటీకి పంపినట్టుగానే అత్తయ్య మొదట మార్కెట్లో నీళ్లు నిలవడం గురించి చదివారు, తర్వాత మూసేసిన రోడ్ల గురించి చదివారు. ఆ కాగితాలు బల్లమీద సర్దిపెట్టారు. నేను రాసిచ్చింది చూడను కూడా లేదు. ఆవిడకి అది నోటికొచ్చేసింది.

"స్కూలు వ్యాను డ్రైవరు తాగి ఉన్నాడని ఈ చానల్లో చెప్పాం. అది తప్పు. తప్పు మాది. ఆ ఉదయం నిజంగా జరిగింది ఏమిటంటే..."

కెమెరా వెనక మా ఆయన చెవులకి హెడ్‌ఫోన్లున్నాయి. సిటీనుంచి కేకలు నాదాకా వినిపించాయి. కట్ చెయ్యి, కెమెరా ఆపెయ్యి అంటున్నారు. ఆయన చెయ్యి మీట దగ్గరికి వెళ్లడం చూశాను. ఆయన మీట ముట్టుకోలేదు. హెడ్‌ఫోన్లు తీసి మెడకి తగిలించుకుని, మళ్లీ కెమెరాలో కన్ను పెట్టారు.

కానీ సిటీవాళ్ల చేతిలో కూడా ఒక మీట ఉంటుంది కదా! మూలనున్న చిన్న టీవీలో అత్తయ్య మాయమై సబ్బు ప్రకటన వచ్చేసింది. ఆ సంగతి అత్తయ్యకి కనిపించడం లేదు. ఖాళీ తీగలోకి చివరిదాకా చదివారు, గొయ్యి గురించి, పరీక్ష గురించి, పిల్లల్ని అతను బయటికి లాగడం గురించి. అయిపోయాక, "వెళ్లిందా?" అన్నారు.

"సగమే వెళ్లింది, అత్తయ్యా," అన్నాను.

ఆవిడ మొహం చిన్నబోయింది. నేను ఫ్యాను వేశాను. మా ఆయన ఫోను ఆగకుండా మోగుతోంది, ఆయన ఎత్తడం లేదు. ఆ మోతలో మెట్లమీద చెప్పుల చప్పుడు వినిపించింది. కుక్కరు పక్కింటావిడ గొడుగు కూడా ముడవకుండా లోపలికొచ్చేసింది.

"అదేమిటండీ వదినగారూ, మంచిపట్టులో కోసేశారు! నిజంగా జరిగింది ఏమిటి? మా ఇంట్లో అందరూ నోళ్లు తెరుచుకుని కూర్చున్నారు!"

ఆవిడ వెనక ఎదురింటివాళ్లు వచ్చారు, వాళ్ల వెనక మందులషాపతను వచ్చాడు. కిటికీలోంచి చూస్తే వీధినిండా గొడుగులే. వార్తలమ్మ మాట మధ్యలో ఆగిందంటే ఏదో ఉందని ఊరికి అనిపించినట్టుంది. పూర్తిగా చదవనిచ్చి ఉంటే ఎంతమంది పట్టించుకునేవారో గానీ, ఆపేసరికి ఊరికి ఊరే లేచి వచ్చింది.

అత్తయ్య లేచి చీర సర్దుకుని మెట్లమీదికి వెళ్లారు. మైకు లేదు, లైట్లు లేవు. మా ఆయన కంపెనీ కెమెరాని గదిలోనే వదిలేసి, సొంత ఫోను పట్టుకుని ఆవిడకి కిందిమెట్టు మీద నిలబడ్డారు. వానచప్పుడుకి వినపడదని ఆవిడ గొంతెత్తారు. మొదటినుంచీ అంతా చెప్పారు.

గుంపులోంచి ఒకాయన, "మరి మీ చానలే కదమ్మా తాగాడంది? మా పిల్లని ఆ వ్యాను మాన్పించాం కూడా!" అన్నాడు.

"అవును నాయనా, మా చానలే అంది. ఆ బొమ్మ తీసింది కూడా ఇదిగో, మా అబ్బాయే. అందుకే కాదని చెప్పాల్సింది కూడా మేమే."

మా ఆయన ఫోను కదల్లేదు. ఆ మాట కూడా ఉన్నదున్నట్టు ఫోనులో తీశారు. ఆ వీడియో ఫోన్లలో పడి, మొదటిది నడిచిన దారుల్లోనే నడిచింది. మొదటిదంత వేగంగా నడవలేదు. అయినా ఆగకుండా నడిచింది.

మర్నాడు మా ఆయన నన్ను వెంటబెట్టుకుని హారన్ మావయ్య ఇంటికి వెళ్లారు. ఈసారి తలుపు తెరిచే ఉంది. తలకి కట్టుతో అతను గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మా ఆయన గుమ్మంలోనే కూలబడ్డట్టు కూర్చుని, "నీ తలకి దెబ్బ తగిలిందని కూడా నేను రాసి పంపాల్సింది అన్నా," అన్నారు.

"నీదేముందిలే తమ్ముడూ," అన్నాడతను నెమ్మదిగా. "ఆ బొమ్మ ఎన్నిసార్లు చూశానో! చూసి చూసి ఒకదశలో నాకే అనుమానం వచ్చింది, పొద్దున్నే తాగానేమో, మర్చిపోయానేమో అని. నా జన్మలో తాగి ఎరగను."

అతని భార్య మమ్మల్ని కూర్చోమనలేదు, పొమ్మని కూడా అనలేదు. మాతో ఆమె తర్వాత కూడా ముభావంగానే ఉండేది. "ఆమె కోపం ఆమె ఇష్టం. దాన్ని కూడా మనం సవరించలేం" అనేవారు అత్తయ్య.

వ్యానుకి కొత్త అద్దం వేయించాక స్కూలువాళ్లు అతన్ని రమ్మన్నారు గానీ, తల్లిదండ్రులు ముందూ వెనకా ఆడారు. వ్యాను మళ్లీ బయల్దేరే రోజు పొద్దున్నే అత్తయ్య తయారై వీధి చివర నిలబడ్డారు. వ్యాను రాగానే ఎక్కి డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నారు. "ఎక్కడికమ్మా?" అన్నాడతను. "బడికే. చిన్నప్పుడు సరిగ్గా చదువుకోలేదులే," అన్నారు ఆవిడ. ప్రతి వీధిలోనూ గుమ్మాల్లో నిలబడ్డవాళ్లు ముందు సీటు వంక చూశారు. కొందరు పిల్లల్ని ఎక్కించారు, కొందరు లోపలికి తీసుకెళ్లిపోయారు. ఆ వారమంతా ఆవిడ అలాగే బడికి వెళ్లొచ్చారు. వారం చివరికి, "ఇక నాకు చోటు లేదంటున్నారు పిల్లలు" అని నడుం పట్టుకుంటూ ఇంటికొచ్చారు.

అత్తయ్య అయిదు నిమిషాలూ, మా ఆయన ఉద్యోగమూ ఆసరికే ఊడిపోయాయి. వానలు తెరిపిచ్చాక మేనేజరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కెమెరా, లైట్లు, మైకు, చివరికి నీలం బోర్డు కూడా విప్పుకున్నారు. అతను చివర్లో కొంచెం ఇబ్బందిపడుతూ, "ఇంకో మాట మేడమ్. మీరు, మీ అబ్బాయి ఏడాదిపాటు ఇంకే చానల్లోనూ, ఫోన్లో కూడా, కనిపించకూడదు, వినిపించకూడదు. చేరినప్పుడు ఒప్పుకున్నారు. కంపెనీ ఊరుకోదు" అన్నాడు.

"సరే. మా కోడలు?" అన్నారు అత్తయ్య.

మేనేజరు మొదటిసారి నా మొహం చూశాడు. ఇన్నాళ్లూ నేను ఆ గదిలోనే ఉన్నానని అప్పుడే తెలిసినట్టు చూశాడు. "ఆవిడ సంగతి... ఎవరూ ఏమీ చెప్పలేదు" అన్నాడు.

"చెప్పరులే. వెళ్లిరా బాబూ, మెట్లు తడిగా ఉన్నాయి, జాగ్రత్త."

ఆ సాయంత్రమే మేడమీద ఖాళీ గదిలో అత్తయ్య తన కుర్చీ తెచ్చి కిటికీ వెలుగులో వేశారు. మా ఆయన పాత డబ్బాల మీద తన ఫోను నిలబెట్టి, అది జారిపోకుండా ఒక పుస్తకం ఆన్చారు. ఆయన కనిపించకూడదు, వినిపించకూడదు అన్నారు గానీ ఫోను నిలబెట్టకూడదని ఎవరూ అనలేదు. అంతవరకూ ఇతరుల నోటికి మాటలందించినదాన్ని, నన్ను తీసుకెళ్లి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆవిడే నా మొహానికి పౌడరు అద్దారు. నేను రాసుకున్న కాగితాలు ఫ్యానుగాలికి ఎగరకుండా ఒళ్లో అదిమిపట్టుకున్నాను.

"అత్తయ్యా, నావల్ల కాదేమో. తప్పు చదివితే?"

ఆవిడ లేచి వెళ్లి ఫ్యాను ఆపేశారు.

"రేపు దిద్దుకుందువు గాని. చదువు."